పలకరింపు పన్ను

కిందటి వారం మన పళ్ళమేస్త్రిని డాక్టరమ్మగారి కార్ఖానా మెట్ల మీద, ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టించి వదిలేశాం. పాపం, వారం నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు. చెయ్యి జేబులో ఉంది. జేబులో ఉండాల్సిన భూతద్దాల కళ్ళజోడు మాత్రం ఇంట్లో ఉంది. లోపల తనిఖీ ఆఫీసరమ్మ వచ్చి కూర్చుంది. ఎత్తిన కాలు దింపించి, అతన్నీ మనల్నీ లోపలికి పంపేముందు, ఈ వారమే కథలో అడుగు పెడుతున్నవారికి రెండు ముక్కలు.

మేస్త్రి కట్టుడు పళ్ళు కట్టే మనిషి. పరాయి దేశంలో వీసా మీద ఉంటున్నాడు. అంటే రెండు పన్నులతో బతుకుతున్నాడన్నమాట, చేసేది ఒకటి, కట్టేది ఒకటి. వీసా అన్నది వీసమెత్తు బరువుండని కాయితమే. దాని అసలు బరువు అది ఎక్కి కూర్చున్న నెత్తికే తెలుస్తుంది. మేస్త్రి వీసా నిలవాలంటే అతను చేసే పని చేయగలవాడు ఆ దేశంలో ఇంకొకడు ఉండకూడదు. గడువు తీరినప్పుడల్లా డాక్టరమ్మ పత్రికలో ఉద్యోగ ప్రకటన వేయించాలి, ఎవరూ రాలేదని చూపించాలి. మనుషులు కావాలని ప్రకటన ఇచ్చి, ఒక్కడూ రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునే యజమానురాలు లోకంలో ఆవిడొక్కతే. ఇంకో షరతు కూడా ఉంది. మేస్త్రి ఆవిడ దగ్గర తప్ప బయట ఒక్క పన్ను కూడా ముట్టుకోకూడదు.

ఈసారి కాయితాలతో తేలలేదు. పని కళ్ళారా చూస్తామన్నారు. ఆఫీసరమ్మ సరే అంటే మేస్త్రీ, అతని భార్యా ఉంటారు. కాదంటే మూటాముల్లె సర్దుకోవాలి. సర్దుకుపోవడం మేస్త్రికి చిన్నప్పటి నుంచీ అలవాటే. సర్దుకుని పోవడమే ఇప్పుడు కష్టం. ఎందుకంటే భార్య ఈ దేశానికి వచ్చింది మొగుడి వెనక కాదు, తమ్ముడి కోసం. ఆ తమ్ముడి ముందుపళ్ళ మధ్య సందుంది. అందుకని ఊరంతా వాణ్ణి సందు అనేవారు. అందరికంటే ముందు విమానం ఎక్కిందీ వాడే. ఇక్కడ వాడు పనిచేసే దుకాణం మూతపడింది. దుకాణం పోతే వీసా పోయింది, వీసా పోతే ఫోనూ పోయింది. ఇప్పుడు సందు ఏ సందులో ఉన్నాడో ఎవరికీ తెలియదు. వాళ్ళ అక్క బస్సెక్కితే మొహాలు చూడదు, నోళ్ళు చూస్తుంది. ఎవరైనా ఆవులిస్తే చాలు, సీటులోంచి సగం లేస్తుంది.

ఇక లోపలికి.

మేస్త్రి గుమ్మంలో నుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇదిగో, నా కళ్ళజోడు..."

"తెలుసు. సబ్బు పెట్టె పక్కన పెట్టి వెళ్ళారు. తల మెడకి అతుక్కుని ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాన్నీ స్నానాలగదిలోనే పెట్టి వెళ్ళేవారు. వస్తున్నా, బస్సు పట్టుకుని."

ఈవిడని వీసాలో 'ఆధారపడిన వ్యక్తి' అని రాశారు. ఆ ఇంట్లో ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారో రాసినవాడు ఒక్క పూట వచ్చి చూసి ఉంటే, ఆ మాట మేస్త్రి పేరు పక్కన రాసేవాడు.

కార్ఖానా అంటే పొడుగాటి గది. కిటికీ పక్కన పనిబల్ల, దాని మీద స్పిరిట్ దీపం, మైనపు కత్తులు, సుద్దపొడి. గోడ నిండా అరలు. అరల నిండా సుద్దతో పోసిన నోళ్ళ అచ్చులు, ఇన్నేళ్ళుగా మేస్త్రి కట్టిన పళ్ళవి. కొన్ని తెరిచి ఉన్నాయి, కొన్ని మూసి ఉన్నాయి. మూలగా కొత్త యంత్రం ఒకటి ఉంది. నోటి బొమ్మ చూపిస్తే పళ్ళ వరస తనే చెక్కి పడేస్తుంది. ఆ రోజు దాన్ని ఆపేసి మీద దుప్పటి కప్పారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ కంట పడకుండా పెద్ద పిల్లని లోపలగదిలో కూర్చోబెట్టినట్టుంది.

ఆఫీసరమ్మ ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పక్కన ఫైలు, ఫైలు మీద పెన్ను, పెన్ను మీద మూత. ఆవిడ మాట్లాడింది ఆ దేశపు భాషలో. మేస్త్రికి అర్థమైంది తెలుగులో. మనం మేస్త్రి పక్కనే కూర్చున్నాం కనక మనకీ తెలుగులోనే వినిపిస్తుంది.

"పళ్ళు పెట్టెల్లో తయారుగా వస్తాయి కదండీ. ఇంక ఇందులో మీరు చేసేదేముంది?"

మేస్త్రి నోరు తెరిచేలోగా డాక్టరమ్మ అందుకుంది. డెబ్బై దాటిన మనిషి, స్వయానా పళ్ళ డాక్టరు. మాటకి మాట ఊడబెరకడంలో దిట్ట.

"ఇటుకలూ తయారుగానే వస్తాయమ్మా. మీ ఇల్లు ఇటుకలమ్మినాయనే కట్టాడా?"

"అది చూద్దామనే వచ్చానండీ. కట్టి చూపించండి మేస్త్రిగారూ."

మేస్త్రి దీపం వెలిగించాడు. కళ్ళజోడు లేదు కాబట్టి వేళ్ళనే కళ్ళు చేసుకున్నాడు. మైనం మెత్తబడి, ఆ వాసన ముక్కుకి తగిలింది. అంతే, ఎదురుగా ఉన్న ఆఫీసరమ్మ మసకబారింది. సొంతూళ్ళో పని నేర్చుకున్న పాత దుకాణం తేటపడింది.

ఆ దుకాణం తలుపు సగం వరకే లేచేది. లోపలికి రావాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే. "పళ్ళు పోయినవాడికి పొగరెందుకురా, వంగనీ" అనేవాడు పని నేర్పే పెద్దమేస్త్రి. లోపల రెండు ముక్కాలి పీటలు. ఒక దాని మీద మన మేస్త్రి, అప్పటికింకా కుర్రాడే. రెండో దాని మీద సందు. మధ్యలో ఒకే దీపం. ఎవడి మైనం ముందు కరిగితే వాడు రెండోవాణ్ణి వెక్కిరించాలి, అదీ అక్కడి రివాజు. సందు పాట అందుకుంటే 'స' వచ్చిన చోటల్లా పంటిసందులోంచి ఈల వచ్చేది. "ఊరందరి పళ్ళూ కడతావు, నీ సందు పూడ్చుకోవేంరా?" అని అడిగితే, "పూడిస్తే ఈల ఎవడేస్తాడు?" అనేవాడు.

పెద్దమేస్త్రి కొలతలు తీసేముందు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. నోరు కొలవడానికి నోరే కావాలనేవాడు. ఒకసారి వేలంపాటలు పాడే పెద్దమనిషి వచ్చాడు. పళ్ళు పోయి, పాట పోయి, ఇంట్లో మూల కూర్చున్నాడు. మైనం పళ్ళు నోట్లో పెట్టి, "ఏదీ, ఈ పీట వేలం వేయండి చూద్దాం" అన్నాడు పెద్దమేస్త్రి. ఆయన మొదట నసిగాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. సందు పాట పెంచాడు, మన మేస్త్రి ఇంకాస్త పెంచాడు, తలుపు కిందనుంచి దారినపోయేవాడు ఎవడో ఇంకాస్త పెంచాడు. పాట ఊపందుకుని 'ఒకటోసారి, రెండోసారి' దాకా వచ్చేసరికి ఆయన గొంతు పాత చోటికి వచ్చి కూర్చుంది. "ఆ పళ్ళు కదపకండి, సరిగ్గా అక్కడే ఉండాలి!" అని పెద్దమేస్త్రి కేకేశాడు. పీట సందు పేరున కొట్టేశారు. ఆ తరవాత ఎన్నాళ్ళో, ఎవరు దాని మీద కూర్చున్నా సందు అద్దె అడిగేవాడు.

"పళ్ళన్నీ బారుగా నిలబడితే అది కవాతురా, నవ్వు కాదు" అని పెద్దమేస్త్రి ప్రతి వరసకీ ఒకసారి చెప్పేవాడు. "ఒక్క పన్ను కాస్త పక్కకి తిరగాలి. ఎదురొచ్చినవాణ్ణి చూసి మెడ తిప్పి 'బాగున్నారా' అన్నట్టుండాలి." అదే పలకరింపు పన్ను. బయటివాళ్ళకి తెలియదు. పెట్టుకున్నవాడికీ తెలియదు. చూసినవాళ్ళు మాత్రం, ఇవి పుట్టు పళ్ళే అనుకునేవారు. పెద్దమేస్త్రిది పైవరసలో ఎడమ కోరపన్ను. మన మేస్త్రి పైవరసలోనే కుడివైపుకి జరుపుకున్నాడు. సందు మాత్రం కిందవరసలో పెట్టాడు. అది మెడ తిప్పినట్టు కూడా ఉండదు. బడి ఫొటోలో పక్కవాడి భుజం మీద తల వాల్చేసినట్టు ఉంటుంది.

"కింద పెడితే ఎవడికి కనబడుతుందిరా వెధవా?"

"మామూలుగా నవ్వితే కనబడదు మేస్త్రిగారూ. విరగబడి నవ్వితే కనబడుతుంది."

పెద్దమేస్త్రి విరగబడి నవ్వాడు. ఆ నవ్వుకి దీపం ఆరిపోయింది. చీకట్లోనే సందు గొంతు, "అగ్గిపెట్టె ఇలా ఇయ్యి, బావా." అప్పటికి వాళ్ళక్కకీ మేస్త్రికీ మధ్య జరిగింది ఏమీ లేదు. ఆ పిల్ల రెండు మూడుసార్లు తలుపు దగ్గర తల వంచి లోపలికి చూసింది, అంతే. ఆ ఒక్క పిలుపుకి, గీసిన పుల్ల ఆర్పడం మరిచి, మేస్త్రి వేలు కాల్చుకున్నాడు. మైనం మాత్రమే కరిగిందని ఆ రోజు అందరూ అనుకున్నారు.

"మేస్త్రిగారూ! అయిందా?"

ఆఫీసరమ్మ గొంతుకి మేస్త్రి ఉలిక్కిపడి చూసుకున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పైవరస నిలబడింది. కుడివైపున ఒక్క పన్ను మెడ తిప్పి ఆఫీసరమ్మనే పలకరిస్తోంది. ఆవిడ ముందుకి వంగి చాలాసేపు చూసింది. చూసి నవ్వబోయి ఆగింది.

"దరఖాస్తులో డాక్టరమ్మగారు రాసింది దీని గురించేనా?"

"దీని గురించే" అంది డాక్టరమ్మ గర్వంగా. "యంత్రానికి ఇది చేతకాదు. ఈ దేశంలో ఇది తెలిసిన చెయ్యి ఇదొక్కటే."

"ఇదొక్కటే కదా?"

"ఒక్కటే."

ఆఫీసరమ్మ చేతిసంచి తెరిచింది. లోపలినుంచి మడత పెట్టిన రుమాలు తీసింది. బల్ల మీద పెట్టి, ఒక్కొక్క మడతే విప్పింది. రుమాల్లో పళ్ళ సెట్టు ఉంది. పైదీ, కిందదీ. ఇంకా తడిగా ఉంది.

"మా అమ్మవి. పళ్ళు పోయిన దగ్గర్నుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేది. ఈమధ్య ఇవి పెట్టుకుంది. ఇప్పుడు వంటింట్లో ఒక్కతే నవ్వుకుంటోంది. ఎక్కడ కట్టించావే అంటే, ఒట్టు వేశాను, అడక్కు అంటుంది. ఊరు దాటి వెళ్ళే ఓపిక లేదు అమ్మకి. అంటే ఇవి ఈ ఊళ్ళోనే కట్టారు. పోయిన వారం మీ ఫైలు చదివాక నాకు అనుమానం వచ్చింది. మధ్యాహ్నం పడుకునేముందు వీటిని గ్లాసులో పెడుతుంది. అక్కణ్ణుంచి తెచ్చాను. లేచి టీ అడిగేలోగా మళ్ళీ గ్లాసులో ఉండాలి."

ప్రభుత్వంవారు పన్ను వసూలు చేయడం మామూలే. కన్నతల్లి నోట్లోంచి వసూలు చేయడం మాత్రం అదే మొదలు. కానీ ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఇవి ఎవరు కట్టారు మేస్త్రిగారూ?"

మేస్త్రి చేతిలోకి తీసుకున్నాడు. పైవరస మీద బొటనవేలు పోనిచ్చాడు. చక్కటి వరస, చెయ్యి చేసిందే. కిందవరస మీద పోనిచ్చాడు. వేలు సగం దాకా వెళ్ళి ఆగింది. కళ్ళజోడు లేదు. అక్కర్లేకపోయింది. అక్కడ ఒక పన్ను పక్కదాని భుజం మీద తల వాల్చి ఉంది.

గుండె 'స' దగ్గర ఈల వేసినట్టయింది.

వాడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు! ఏ బస్సులో అయితే అక్క నోళ్ళు వెతుకుతోందో, బహుశా ఆ బస్సులోనే వెనక సీట్లో తిరుగుతున్నాడు. ఏదో గదిలో, బోర్డు లేకుండా, కిటికీ తెర దించుకుని, ముసలివాళ్ళ చేత ఒట్టు వేయించుకుని పళ్ళు కడుతున్నాడు. పేరు మార్చుకుని ఉంటాడు, ఇల్లు మార్చుకుని ఉంటాడు. చెయ్యి మార్చుకోలేకపోయాడు. దాక్కున్నవాడు దీపం ఆర్పుకోవాలి కదా! వీడు దాక్కుని కూడా సంతకం పెట్టాడు వెధవ. పెట్టకుండా ఉండలేడు. పెద్దమేస్త్రి దగ్గర పని నేర్చినవాడెవడూ ఉండలేడు.

ఆ సంతోషం పైకి కనబడటానికి వీల్లేదు. ఎందుకంటే ఆఫీసరమ్మ ఇంకా చూస్తోంది.

యంత్రం చేసిందని చెబుతాడా? చేతిలో ఉన్న పన్నే అబద్ధమని సాక్ష్యం చెబుతుంది. ఇంకెవరో చేశారంటాడా? ఈ దేశంలో ఒక్కటే చెయ్యి అన్న మాట అక్కడితో చచ్చింది, దానితోపాటు వీసా కూడా. పైగా ఆ ఇంకెవరో ఎవరని వెతుకుతారు. ముసలమ్మ ఒట్టు ఎంతసేపు ఆగుతుంది? సందుని పట్టుకుని, వీసా లేదని గదిలో పెట్టి, విమానం ఎక్కించి, మళ్ళీ ఈ గడప తొక్కనివ్వరు. పోనీ, నేనే కట్టానంటాడా? బయట ఒక్క పన్ను ముట్టుకోకూడదన్న షరతు ఉంది. ఆ మాట అన్న క్షణంలో తనే ముల్లె సర్దుకోవాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చేతిలో ఉన్నవి పళ్ళే కాబట్టి ఆ సామెత అతనికి నిజంగానే కరిచింది.

ఇంటికెళ్ళి భార్యకి రెండు మాటలు చెప్పాలి. నీ తమ్ముడు దొరికాడు. మనం వెళ్ళిపోతున్నాం. ఏది ముందు చెప్పాలి?

"నేనే కట్టానండీ" అన్నాడు మేస్త్రి, పళ్ళు మళ్ళీ రుమాల్లో పెట్టేస్తూ.

డాక్టరమ్మ చేతిలో సుద్ద అచ్చు కిందపడి రెండు ముక్కలైంది. "నీకేమైనా మతి పోయిందా? నువ్వు కట్టలేదు! నోరు మూసుకో!"

"నేనే కట్టాను డాక్టరమ్మా. మీకు చెప్పకుండా కట్టాను."

"ఎప్పుడు కట్టావయ్యా? పొద్దున్న వచ్చి, దీపం పెట్టేవేళకి మీ ఆవిడ ఫోన్ చేస్తే పరిగెడతావు. మధ్యలో ఎప్పుడు కట్టావు, బస్సులోనా?"

ఆఫీసరమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆవిడ గొంతు ఇప్పుడు ఆఫీసు గొంతు కాదు.

"మేస్త్రిగారూ, బాగా వినండి. ఈ పళ్ళు ఇంకా ఫైల్లోకి ఎక్కలేదు, నా రుమాల్లోనే ఉన్నాయి. నా పెన్ను మూతా తీయలేదు. మీరే కట్టారని నేను రాస్తే వీసా ఇవాళ్టితో రద్దు. మీదీ, మీ ఆవిడదీ. అర్థమైందా?"

"అయిందండీ."

"మీ పలకరింపు పన్ను పైన పెడతారు. ఇప్పుడే నా కళ్ళముందు పెట్టారు. అరల్లో ఉన్న అచ్చులన్నిట్లో కూడా పైనే ఉంది, వస్తూనే చూశాను. మా అమ్మకి కింద ఉంది. ఎందుకని?"

మేస్త్రి రుమాల్లోకి చూశాడు. అంత భయంలోనూ అతనికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ తరవాత సందు మాట సందు చోట తను చెప్పాల్సి వచ్చింది.

"పైన పెడితే మామూలుగా నవ్వినా కనబడుతుందండీ. మీ అమ్మగారు మామూలుగా నవ్వే మనిషి కారు. విరగబడి నవ్వే మనిషి. అలాంటివాళ్ళకి కిందే పెట్టాలి."

ఆఫీసరమ్మ కళ్ళు రుమాలు మీద నుంచి కిటికీ మీదకి వెళ్ళాయి. వంటింట్లో ఒక్కతే కూర్చుని విరగబడి నవ్వుతున్న మనిషి ఆవిడకి కనిపిస్తున్నట్టుంది. అమ్మని చూడకుండా ఆ మాట ఎవడూ చెప్పలేడు. చూసినవాడే కట్టి ఉండాలి. ఆవిడ నిట్టూర్చి, ఫైలు దగ్గరికి లాక్కుంది.

పెన్ను మూత తీసింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మేస్త్రి భార్య లోపలికి వచ్చింది. రావడం రావడమే మాటతో వచ్చింది.

"ఇదిగోండి మీ కళ్ళు! ఆ బస్సువాడు మలుపు మలుపుకీ ఆపాడు, ఆపిన చోటల్లా నలుగురు దిగారు, ఒక్కడూ నోరు తెరవలేదు, ఏం మనుషులో..."

అంతలో ఆగిపోయింది.

బల్ల మీద రుమాలు ఉంది. రుమాల్లో పళ్ళున్నాయి. ఊళ్ళో నోళ్ళన్నీ వెతకడం అలవాటైన కళ్ళు అవి. వాటికి భూతద్దం అక్కర్లేదు. ఆవిడ కళ్ళజోడుని అలా చేత్తో పట్టుకునే బల్ల దగ్గరికి నడిచి, వంగి, కిందవరసలో తల వాల్చిన ఆ పంటిని వేలికొసతో తాకింది. చిన్నపిల్లవాడి జుట్టు సవరించినట్టు తాకింది. మొహం మీదకి ముందు ఏడుపు వచ్చింది, దాని వెనకే నవ్వు తోసుకొచ్చింది. మేస్త్రి ఎన్నో ఏళ్ళుగా చూడని నవ్వు అది. సగం తలుపు కింద తల వంచి చూసిన పిల్ల నవ్వు.

ఆఫీసరమ్మ పెన్ను కాయితం మీద ఆగింది.

"ఇవి ఎవరు కట్టారో మీకు తెలుసా అమ్మా?"

వెనక నుంచి మేస్త్రి తల అడ్డంగా ఊపుతున్నాడు, మెడ ఊడిపోయేలా ఊపుతున్నాడు. ఆవిడ అతనివైపు చూడటం లేదు. ఇన్నేళ్ళుగా ఊరందరి నోళ్ళూ వెతికిన మనిషి, ఇప్పుడు తన నోరు తెరిచింది.